ఊరగాయ లేల? యూరు చాలు! (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

సిడ్నీకి పడమట తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డ పేట వెంట్‌వర్త్‌విల్. అక్కడ కాపురముంటున్న ఒక తల్లికి, యూనివర్సిటీలో చదువుకుంటున్న కూతురు పక్క గదిలోంచి వాట్సాప్‌లో పంపిన సందేశం ఈ కృతికి మూలం. పక్క గదిలో ఉండి నోటితో చెప్పక రాయడమేమిటని శంకించరాదు. అది ఈ కాలపు కవిసమయం. మూలం వచనంలో ఉంది. వ్యాఖ్యానానికి వీలుగా దాన్ని ఆటవెలదిలో కూర్చడమైనది. కూర్చినదీ, టీక రాసినదీ ఆ తల్లే గనుక నిష్పక్షపాతం ఆశించకండి.

మూలం

అమ్మ సెలవు వచ్చె నాకు రాలెడువేళ
నాల్గు రోజులుండి నగరమందు
చిన్న సంచి చాలు చీరలు వద్దులే
ఊరగాయ లేల యూరు చాలు

ప్రతిపదార్థం

అమ్మ = ఓ తల్లీ (సంబోధన గణం కోసం కురచయింది. అసలు సందేశంలో 'అమ్మా' దీర్ఘం తెర ఈ చివర నుంచి ఆ చివరకు సాగింది; ఏదో అడగబోతోందని అప్పుడే తెలిసిపోయింది);
సెలవు వచ్చెన్ = ఈస్టర్ సెలవులు వచ్చినవి;
ఆకు రాలెడువేళ = ఆకులు రాలే కాలమందు;
నగరమందు = ఒకానొక పట్నంలో;
నాల్గు రోజులుండి = గుడ్ ఫ్రైడే మొదలు సోమవారం దాకా గడిపి;
చిన్న సంచి చాలు = విమానంలో తల మీది అరలో పట్టే సంచి సరిపోవును;
చీరలు వద్దులే = పట్టువీ వద్దు, నూలువీ వద్దు;
ఊరగాయలు ఏల = పచ్చడి సీసాలెందుకు;
ఊరు చాలు = ఊరొక్కటే మనకు సరిపోవును.

'వద్దాం' అనే క్రియ మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఎవరెవరు వెళ్ళాలో కూడా లేదు. సంబోధన ఒక్కరికే ఉంది కాబట్టి ప్రయాణం ఇద్దరిదేనని పండితుల నిర్ణయం. దీని మీద ఇంటాయన ఒక శంక లేవనెత్తారు గానీ, మూలంలో ఆధారం చూపలేక విరమించుకున్నారు.

మొదటి పాదంలో శ్లేష ఉంది. 'వచ్చెన్ ఆకు' అని విడదీస్తే ఆకు రాలే వేళ అని అర్థం. 'వచ్చె నాకు' అని విడదీస్తే 'సెలవు నాకు వచ్చింది, నీ సంగతి నువ్వు చూసుకో' అని అర్థం. రెండోదే కవయిత్రి హృదయమని ఈ వ్యాఖ్యాత్రి ఆఫీసులో సెలవు చీటీ రాస్తుండగా గ్రహించింది.

నగర నిర్ణయం

'నగరమందు' అన్నది సరే, ఏ నగరమందు? ఇక్కడ మతభేదాలున్నాయి.

కాన్‌బెరా పక్షం ఇంటాయనది. సిడ్నీ నుంచి కారులో మూడు గంటల దారి, ఖర్చల్లా పెట్రోలే. వాల్టర్ బర్లీ గ్రిఫిన్ గీసిన పథకానికి 1912లో బహుమతి వచ్చాక, గొర్రెల బీళ్ళలో లేచిన రాజధాని అది. వీధులకిరువైపులా పనిగట్టుకుని నాటిన చెట్లు ఏప్రిల్‌లో ఎరుపెక్కుతాయి. ఆకు మాట వస్తే దానికి సాటి లేదు. ఖండనం: కారులో వెళ్ళేటట్లయితే 'చిన్న సంచి చాలు' అన్న నియమం దేనికి? డిక్కీ ఉండగా సంచికి కొలత పెట్టేవారుంటారా? పైగా కారు తోలేవారి ప్రస్తావన మూలంలో లేదు. కాబట్టి ఇది విమానయానమే. కాన్‌బెరా కాదు.

అడిలైడ్ పక్షం. 1836లో కర్నల్ విలియం లైట్ స్థలం ఎంచి, ఊరి చుట్టూ పచ్చిక మైదానాలు వదిలి గళ్ళు గీసిన పట్నం. ప్రశాంతమైనది, అమ్మలకు నచ్చేది. ఖండనం: దక్షిణ ఆస్ట్రేలియా పండుఈగ భయంతో బయటి రాష్ట్రాల పళ్ళను లోపలికి రానివ్వదు. ఆ ఊరే అయితే కవయిత్రి ముందు పళ్ళను నిషేధించి, ఆ తర్వాత పచ్చళ్ళ జోలికి వచ్చేది. అరటిపండు లేకుండా గడప దాటని తల్లి సంగతి ఆమెకు తెలుసు. ఊరగాయ ఒక్కటే చెప్పింది కాబట్టి అడిలైడ్ కాదు.

హోబర్ట్ పక్షం బలమైనది. అక్కడ నది ఒడ్డున కొండ తొలిచి కట్టిన మోనా అనే మ్యూజియం ఉంది. 2011లో తెరిచారు. పడవ మీద వెళ్ళవచ్చు. అంతకు మించి, చలికి ఆకు రాల్చే స్వదేశీ చెట్టంటూ ఆస్ట్రేలియాలో చెప్పుకోదగ్గది ఫేగస్ ఒక్కటే. అది టాస్మేనియా సొత్తు. అయితే ఆ ఫేగస్ ఉండేది కొండల మీద. రంగు తిరిగేది ఏప్రిల్ చివరన. మూలంలో 'నగరమందు' అని సప్తమీ విభక్తి స్పష్టంగా ఉంది. కొండ మీద కాదు. పళ్ళ నిషేధం ఇక్కడా ఉంది.

బ్రిస్బేన్ పక్షం వారికి ఆకే రాలదు. జవాబు అనవసరం.

అందుచేత మెల్‌బోర్న్ అని సిద్ధాంతం. విమానంలో సుమారు గంటన్నర. రైలైతే పదకొండు గంటలు. నాలుగు రోజుల్లో రానూ పోనూ రెండు రోజులు కిటికీకే పోతాయి.

కాల నిర్ణయం

శంక: 2026లో ఉగాది మార్చి 19న. ఈస్టర్ ఆదివారం ఏప్రిల్ 5న. అంటే చైత్రం. చైత్రంలో కోయిల మావి చిగురు తినాలి గానీ, ఆకులు రాలడమేమిటి?

సమాధానం: భూమధ్యరేఖ దాటాక ఋతువులు తలకిందులవుతాయి. ఇక్కడ మార్చి, ఏప్రిల్, మే నెలలది శరత్తు. పంచాంగం మాత్రం మారదు. వేపపువ్వు ఉగాదికి ఫ్రీజర్‌లోంచి వస్తుంది.

మరో శంక: ఈ దేశంలో ఎటు చూసినా యూకలిప్టస్. అవి ఏడాది పొడుగునా పచ్చగానే ఉండి, ఆకుకు బదులు బెరడు ఒలుచుకుంటాయి. మరి రాలే ఆకు ఎక్కడిది?

సమాధానం: వలస వచ్చిన ఆకు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరు గుర్తుకు రావడం కోసం ఎల్మ్‌లూ ప్లేన్ చెట్లూ ఓక్‌లూ తెచ్చి మెల్‌బోర్న్ వీధుల్లో, తోటల్లో నాటారు. తర్వాత ఐరోపాలో, ఉత్తర అమెరికాలో డచ్ ఎల్మ్ తెగులు తగిలి ఎల్మ్‌లు కోట్లలో చచ్చాయి. ఆ తెగులు ఆస్ట్రేలియాకు చేరలేదు. అందుకని ఫిట్జ్‌రాయ్ తోటలో కనిపించేంత నిండైన ఎల్మ్ సాలవీథులు ఇప్పుడు వాటి పుట్టింట్లోనే అరుదు. వలస వచ్చినవాళ్ళ దగ్గర పాత అలవాట్లు పుట్టింట్లో కంటే పదిలంగా ఉంటాయన్న లోకోక్తికి ఇది దృష్టాంతం. వెంట్‌వర్త్‌విల్ వినాయక చవితి చూసినవారికి వేరే దృష్టాంతం అక్కర్లేదు.

ఏప్రిల్ తొలివారంలో ఆకు నిజంగా రాలదు, అంచులు పసుపెక్కుతాయంతే; రాలే జోరు మే నెలది. 'రాలెడు' అన్నది జరగబోయేదానికి కూడా చెల్లుతుంది గనుక దోషం లేదు.

నాల్గు రోజుల విశేషం

ఈస్టర్‌ను నిర్ణయించే పద్ధతి మన పంచాంగకర్తలకు కొత్త కాదు. మార్చి 21 నాడు గానీ, తర్వాత గానీ వచ్చే తొలి పౌర్ణమి పట్టుకుని, ఆ తర్వాతి ఆదివారం. ఈసారి అదే ఆదివారం ఇంకో వింత కూడా కలిసింది. ఏప్రిల్ మొదటి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి ఇక్కడి గడియారాలను రెండుకు వెనక్కి తిప్పుతారు. కాబట్టి నాల్గు రోజులంటే 96 గంటలు కాదు, 97. ఆ మిగులు గంట ఎవరిదన్న వివాదం తల్లీకూతుళ్ళ మధ్య ఇంకా తేలలేదు. తల్లి పక్షం: గుడికి. కూతురి పక్షం: నిద్రకు.

ఈ నాల్గు రోజుల కోసం ఫోన్‌లో ఇద్దరికీ కనిపించే పట్టిక ఒకటి తయారైంది. అందులో తల్లి గడులన్నీ నిండుగా ఉంటాయి. స్టేట్ లైబ్రరీలో 1913లో కట్టిన గుమ్మటం కింద చదువుకునే గది. అదే భవనంలో నెడ్ కెల్లీ అనే బందిపోటు తొడుక్కున్న ఇనప కవచం. ఎన్‌జీవీ అనే చిత్రశాలలో వేళ్ళతో తడమాలనిపించే నీటి గోడ, లోపల లియొనార్డ్ ఫ్రెంచ్ చేసిన రంగుటద్దాల కప్పు. 1878 నాటి క్వీన్ విక్టోరియా బజారు, అక్కడ కాగితం సంచిలో పోసిచ్చే వేడి జామ్ డోనట్లు. బజారు సోమవారం మూత, గుడ్ ఫ్రైడే నాడు ఊళ్ళో చాలా కొట్లు మూత కాబట్టి డోనట్ల గడి శనివారానికి జరిగింది. ఊరి నడుమ ట్రామ్ ఉచితం, ఆ హద్దు దాటితే మైకీ అనే టికెట్ కార్డు తాకించాలి అని పక్కన ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక.

కూతురి గడుల్లో మాత్రం రోజూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఒకే మాట: 'ఏమీ లేదు.'

తల్లి అది పొరపాటనుకుని, ఆ గడిలో 'కుక్ కాటేజ్' అని నింపింది. కెప్టెన్ కుక్ తల్లిదండ్రుల ఇల్లు. యార్క్‌షర్‌లో ఇటుకా రాయీ ఊడదీసి, 1934లో ఫిట్జ్‌రాయ్ తోటలో మళ్ళీ కట్టారు. కాసేపటికి గడి ఖాళీ అయింది. తల్లి 'షాపింగ్' అని రాసింది. తెర మీద కర్సర్ వచ్చి ఒక్కొక్క అక్షరమే వెనక్కి తింటూ పోయింది. చివర్న కింద చిన్న గీత కనిపించింది: 'అమ్మా, కాఫీ తాగుతూ కూచుందాం. అంతే. వదిలెయ్.' ఇది మూలానికి ఖిలభాగం. పద్యం కంటే దీనికే ప్రామాణ్యం ఎక్కువ.

చిన్న సంచి, చీరలు

చవక టికెట్‌లో చేతిసామాను 7 కిలోలు. ఒకే రోజులో నాలుగు ఋతువులు చూపిస్తుందని పేరున్న ఊరికి 7 కిలోల్లో ఎలా వెళ్ళాలన్నది శాస్త్ర చర్చ. పొద్దున శాలువా, మధ్యాహ్నం నూలు, సాయంత్రం గొడుగు, రాత్రికి స్వెటర్. ఏప్రిల్‌లో పగలు 20 డిగ్రీలుంటే రాత్రికి 11కు దిగుతుంది. పట్టుచీర ఒక్కటి పెడితే మిగతావాటి వాటా తగ్గుతుంది. కాబట్టి 'చీరలు వద్దులే' అన్నది తూకం లెక్కగా చూస్తే న్యాయమే. కానీ చివర్న ఆ 'లే' తూకం లెక్క కాదు. అక్కడ ఒక చిన్న బతిమాలుడు ఉంది.

ఊరగాయ నిషేధం

ఈ నిషేధానికి ప్రభుత్వ ఆధారం ఉందా అని విచారించడమైనది. హైదరాబాదు నుంచి ఈ దేశంలో దిగేటప్పుడైతే తినుబండారాలన్నీ కాగితం మీద చూపించి ఒప్పుకోవాలి. దేశంలోపలి విమానాల్లో పచ్చళ్ళకు ఆ గొడవ లేదు. 100 మిల్లీలీటర్ల నియమం కూడా అంతర్జాతీయ ప్రయాణానికే. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు ఆవకాయ సీసా నిరభ్యంతరంగా ఎగరవచ్చు. అయినా మూలం వద్దంటోంది. కాబట్టి ఈ నిషేధం చట్టానిది కాదు, కూతురిది.

ఎందుకు? ఇక్కడే ధ్వని ఉంది. చీర అంటే పెళ్ళి, పేరంటం, వ్రతం, ఎవరింటికో వెళ్ళి కూర్చోవడం. ఊరగాయ అంటే వంటిల్లు. వద్దన్నవి ఈ రెండే. తల్లి ఈ ఇంట్లో చేస్తున్న ఉద్యోగాలూ ఆ రెండే. లోపలికి వంట, బయటికి మర్యాద. ఆ రెండింటికీ నాలుగు రోజులు సెలవిచ్చి, మిగిలిన మనిషిని ట్రామ్ ఎక్కించాలని కూతురి ఉద్దేశం. ఆ మిగిలిన మనిషిని కూతురు ఇంతవరకు సరిగా చూడలేదు. నిజం చెప్పాలంటే తల్లి కూడా చూసి చాలా కాలమైంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఉన్న ఖాళీ గడి ఆమె కోసమే.

'సెలవు నాకు వచ్చింది' అన్న మొదటి పాదపు శ్లేషను ఇప్పుడు తిరిగి చూడాలి. పైన చెప్పిన వ్యాఖ్య తప్పు. ఆ సెలవు ఇద్దరిదీ.

అలంకారం, రసం

మొదటి పాదంలో శ్లేష చెప్పబడింది. నాలుగో పాదంలో 'ఊర', 'ఊరు' అని వృత్త్యనుప్రాస. రసం వాత్సల్యం. కానీ పెద్దవారి నుంచి చిన్నవారికి ప్రవహించవలసిన వాత్సల్యం ఇక్కడ ఎదురు పారింది. సంచి ఎంత ఉండాలో, ఏమి కట్టుకోవాలో, ఎప్పుడు కూర్చోవాలో కూతురు చెబుతోంది, తల్లి తలూపుతోంది. పదేళ్ళ కిందట ఇదే పద్యాన్ని తల్లి కూతురికి చెప్పి ఉండేది. 'చిన్న సంచి' బదులు 'నీళ్ళ సీసా' అని పాఠభేదం.

తాత్పర్యం

ఓ తల్లీ, ఈస్టర్ సెలవులు వచ్చాయి. ఎల్మ్ ఆకులు పసుపెక్కే వేళ నాలుగు రోజులు మెల్‌బోర్న్‌లో ఉండి వద్దాం. చిన్న సంచి చాలు. ఎవరింటికీ వెళ్ళవద్దు, ఎవరికీ వండవద్దు. ఊళ్ళో తిరుగుదాం, అలిసినచోట కూర్చుందాం. అని కూతురు తల్లిని కోరుతోందని భావము.

విశేషం

తల్లి ఒప్పుకుంది, టికెట్లు తీసుకోవడమైనది. మూలాన్ని అక్షరాలా పాటించాలన్నది వ్యాఖ్యాత ధర్మం. చీర పెట్టలేదు. ఊరగాయ పెట్టలేదు. ఇక కందిపొడి విషయంలో మూలం మౌనంగా ఉంది. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. పొడి బరువు 300 గ్రాములు. సంచి ఇంకా ఏడు కిలోల లోపే ఉంది.