చుట్ట నేరిన వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: ఆటువేళ చార్మౌత్ తీరమున నొకడు వంగి చుట్ట నేరెను.

టీక: ఆటువేళ = సముద్రపు నీరు వెనుకకు తీసినపుడు; చార్మౌత్ తీరమున = ఇంగ్లండు దక్షిణమున, డోర్సెట్ సీమ యొడ్డున; ఒకడు = శిలాజములు పోగుచేయు వ్యసనము గలవాడు (ఏకవచనముచేత ఇంటివారు వెంట రాలేదని ధ్వని); వంగి = నడుము వంచి; చుట్టను = అమ్మోనైటును; ఏరెను = తీసికొనెను.

తాత్పర్యము: ఒడ్డున రాయి దొరికినది.

వ్యాఖ్య: చుట్ట యనగా పొగచుట్ట యని గోదావరి సీమ పాఠకుడు భ్రమపడరాదు. అమ్మోనైటు వెన్నెముక లేని సముద్రజీవి, ఆక్టోపస్‌కు దాయాది. పొట్టేలి కొమ్మువలె చుట్టుకొన్న గుల్లను గదులుగా కట్టుకొని, పెరిగిన కొలది పాతగదిని మూసివేసి చివరి గదిలో కాపురముండెడిది. 6.6 కోట్ల ఏండ్ల క్రిందట ఆ వంశము నశించినది. చార్మౌత్‌లోనివి దాదాపు 19 కోట్ల ఏండ్ల నాటివి. నేపాలులోని గండకీ తీరమునుండి తెలుగువారి దేవతార్చనకు వచ్చిన సాలగ్రామములు పెక్కింటిలోని చక్రము ఈ గుల్ల గుర్తే. దానిని వజ్రకీటము తొలిచెనని సంప్రదాయము గనుక, ఇరుపక్షములవారును కర్తృత్వమును ప్రాణికే యిచ్చిరి. తగవు పురుగా గుల్లయా యన్నంతవరకే. ఇక ఇంగ్లండు ఉత్తరమున విట్బీలో, సెయింట్ హిల్డా శపించి రాళ్లు చేసిన పాములే ఇవి యని నమ్మించుటకై అమ్మకందారులు చుట్టలకు చెక్కిన తలలు కేవలము ప్రక్షిప్తములు.

"త్రవ్వి" అనక "వంగి" అనుటలోనే మూలకర్త లోకజ్ఞత యున్నది. శీతకాలపు తుఫానులకు మెత్తని మట్టిగట్టు విరిగిపడగా, అలలు మన్నును కడిగి బరువైన రాళ్లను వెనుక విడుచును. పని సముద్రము చేసిపెట్టుచుండగా గట్టును సుత్తితో పొడుచువాడు దాని క్రిందనే ఉండిపోవచ్చును. పొరుగూరు లైమ్ రీజిస్‌లో శిలాజములేరి పేరుగాంచిన మేరీ ఆనింగ్ కుక్క, ట్రే అనునది, 1833లో గట్టు కూలి ఆమె పాదముల చెంతనే మరణించెను.

"ఏరి దాచెను" అని యుండవలదా యని ఆక్షేపము. వలదు. ఈ తీరమున దొరకు బొత్తామంత పసిడిరంగు చుట్టలు పైరైటు, అనగా ఇనుము గంధకము కలిసిన ఖనిజము. తేమగాలి సోకిన అవి పెట్టెలోనే బూజువంటి తెల్లని పొడి కక్కి, ఆమ్లమూరి, మొదట పేరు వ్రాసిన చీటీని, పిదప పెట్టె యడుగును తినివేయును.