ముప్పై నిండిన బ్రహ్మచారికి చీపురు

బ్రెమెన్‌లో పెళ్లికాని మగవాడికి ముప్పై నిండితే కేకు సంగతి తర్వాత, ముందు చీపురు పట్టాలి. ఉత్తర జర్మనీలోని ఆ ఊరి ఆనవాయితీ అది. స్నేహితులంతా కలిసి బర్త్‌డే బాయ్‌కి ఏదో ఒక వింత వేషం వేసి, ఊరి నడిబొడ్డున ఉన్న సెయింట్ పీటర్ కెథెడ్రల్ ముందుకు లాక్కొస్తారు. మెట్ల మీద సంచులకొద్దీ బీరు సీసా మూతలు గుమ్మరిస్తారు. వాటిని ఊడవాల్సింది అతను. ఎంతసేపంటే, ఒక కన్య వచ్చి ముద్దు పెట్టేదాకా.

ఆ చీపురైనా సరైనది ఇస్తారా అంటే అదీ లేదు. పుల్లలు ఊడిపోయినదో, అరచేతిలో ఇమిడిపోయే బ్రష్షో వెతికి మరీ తెస్తారు. పక్కన పిడి తిప్పితే మోగే వీధి ఆర్గన్ ఒకటి. దారిన పోయేవాళ్లను పోగుచేసే బాధ్యత దానిది. ఒక మెట్టు శుభ్రమైందని నడుం ఎత్తేలోగా పైనుంచి ఇంకో గుప్పెడు మూతలు గలగలమంటూ దొర్లుకుంటూ వస్తాయి. ఆడవాళ్లకూ మినహాయింపు లేదు. ముప్పై నిండిన కన్నెపిల్లలు అదే కెథెడ్రల్ తలుపుల పిడులు తోమాలి.

ఇదెందుకు మొదలైందో చెప్పే కథల్లో ఒకటి మనకు కొత్తగా అనిపించదు. పిల్లల్ని కనకుండా పోయినవాళ్లు చచ్చాక ఎప్పటికీ తెమలని పనికిమాలిన చాకిరీ చేస్తూ ఉండాలని అక్కడి పాత నమ్మకమట. మన పున్నామ నరకానికి వేలు విడిచిన చుట్టం. తేడా ఒక్కటే. మన నరకం చచ్చాక మొదలవుతుంది, వాళ్లు ముప్పయ్యో ఏటే రిహార్సల్ చేయిస్తారు.

ఆ చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జర్మనీలో కొన్నిచోట్ల పాతికేళ్లొచ్చినా పెళ్లికాని కుర్రాడి ఇంటి ముందు పాత సాక్సులు తోరణంగా కడతారు, అమ్మాయైతే ఖాళీ డబ్బాలు. డెన్మార్క్‌లో పాతికేళ్ల బ్రహ్మచారి మీద దాల్చినచెక్క పొడి కుమ్మరిస్తారు. బాగా అంటుకోవాలని ముందు నీళ్లు కూడా పోస్తారు. ముప్పైకి దాల్చినచెక్క మారి మిరియాలపొడి వస్తుంది. నెదర్లాండ్స్‌లో యాభై నిండినవాడు 'అబ్రహామును చూశాడు' అంటారు, ఆడవాళ్లైతే సారాను చూసినట్టు. బైబిల్లో యోహాను సువార్తలోని ఒక మాటను పట్టుకుని పుట్టిన వేడుక అది. తెల్లారి తలుపు తీస్తే ఇంటి ముందు మనిషికి రెండింతలున్న గడ్డం బొమ్మ నిలబడి, యాభై వచ్చిన సంగతి వీధి వీధికీ చాటుతూ ఉంటుంది. మన దగ్గర అరవై నిండిన పెద్దాయనకు షష్టిపూర్తి చేసి, ఉన్న భార్యకే మళ్లీ తాళి కట్టిస్తారు. ఇదంతా చదివాక అది ఎంత మర్యాదస్తుల పండగో తెలుస్తుంది.

జర్మనీలో చదువుకునే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం. అందులో మనవాళ్లు తక్కువేం కాదు. చదువు ముగించి హాంబర్గ్‌లో ఉద్యోగాలు వెలగబెడుతున్న అలాంటి ఒక తెలుగు బృందంలో విజయవాడ కుర్రాడికి ముప్పై వచ్చింది. వాట్సాప్‌లో వాడు లేని గ్రూపొకటి అప్పటికప్పుడు పుట్టింది. పుట్టినరోజుకి వాణ్ని ఎక్కడికి తీసుకెళ్దామంటే ఎవరో ఆమ్‌స్టర్‌డామ్ అన్నారు. బీరు తాగుతూ అందరూ కలిసి తొక్కే బండ్లను ఆ ఊరు 2017లోనే నడిబొడ్డు నుంచి వెళ్లగొట్టింది. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, తాగి తందనాలాడే 18 నుంచి 35 ఏళ్ల బ్రిటిష్ కుర్రాళ్లకు 'మా ఊరు రావొద్దు' అని ఇంటర్నెట్‌లో ప్రకటనలే ఇచ్చింది. పర్యాటకుల్ని రావొద్దని డబ్బు ఖర్చుపెట్టి చెప్పే ఊరికి వెళ్లడం మనకు పరువు తక్కువ అన్నాడు ఒకడు. ఇంకొకరు ప్రాగ్ అన్నారు. అక్కడ 2024లో, రాత్రి పది దాటాక గైడు వెంట గుంపుగా బార్లు తిరిగే టూర్లను నగరపాలక సంస్థ ఆపేసింది. చివరికి బ్రెమెన్ తేలింది. హాంబర్గ్ నుంచి లోకల్ రైల్లో గంట పైచిలుకు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతిథి చేత చీపురు పట్టించే ఊరు.

బర్త్‌డే బాయ్‌కి చెప్పింది 'సర్‌ప్రైజ్ ట్రిప్' అని మాత్రమే. పారిస్ అనుకుని వాడు కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

బ్రెమెన్ మార్కెట్ కూడలిలో రోలాండ్ విగ్రహం 1404 నుంచీ నిలబడే ఉంది. 2004లో పక్కనున్న టౌన్‌హాలుతో కలిపి దాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అది ఉన్నన్నాళ్లూ ఊరి స్వేచ్ఛకు ఢోకా లేదని స్థానికుల నమ్మకం. కత్తి పట్టిన ఆ వీరుడి చూపు సూటిగా కెథెడ్రల్ వైపే, అంటే ఊడ్చేవాళ్ల వైపే. ఫ్రెంచి వీరగాథ ప్రకారం రోలాండ్ కూడా, పెళ్లి కుదిరిన పిల్ల ఇంటి దగ్గర ఎదురుచూస్తుండగా యుద్ధంలో పోయాడు. పక్కా బ్రహ్మచారి. ఆరు వందల ఏళ్లు దాటినా ఆయన చేతిలో ఎవరూ చీపురు పెట్టలేదు.

టౌన్‌హాలు పక్కన గ్రిమ్ సోదరుల కథలోని జంతువుల కంచు విగ్రహం ఉంది. కింద గాడిద, దాని మీద కుక్క, ఆపైన పిల్లి, కొసన కోడిపుంజు. కథలో ఇవి నాలుగూ వయసైపోయి యజమానులకు బరువైనవి. కలిసి బ్రెమెన్ వెళ్లి సంగీతం చేసుకుని బతుకుదామని బయలుదేరాయి. దారిలో దొంగల ఇల్లొకటి కనబడితే వాళ్లను తరిమి అక్కడే స్థిరపడ్డాయి. బ్రెమెన్ దాకా రానే లేదు. ప్లాన్ వేసి సగం దారిలో ఆగిపోయే స్నేహ బృందాలకు అంతకుమించిన కులదైవాలు లేవు. గాడిద ముందుకాళ్లు రెండూ రెండు చేతులతో పట్టుకుని కోరుకుంటే కోరిక తీరుతుందంటారు. కాళ్లు జనం చేతులు పడీ పడీ బంగారంలా మెరుస్తుంటాయి. ఒక్క చేత్తో పట్టుకుంటే మాత్రం ఒక గాడిద ఇంకో గాడిదకు షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టని ఊరివాళ్ల ఎకసెక్కం. మనవాడు రెండో చేత్తో సెల్ఫీ తీసుకుంటూ దొరికిపోయాడు.

అప్పుడు సంచిలోంచి చీపురు బయటికొచ్చింది. ఆ తర్వాత పొడుగు టోపీ, ఎవరి పెళ్లిదో పాత కోటు, రెండు సంచుల మూతలు.

ఊడవడమంటే సులువనుకున్నాడు. సీసా మూతకు చుట్టూ సన్నటి పళ్లుంటాయి. అవి రాతి సందులో పడి కరుచుకున్నాయంటే చీపురు పైనుంచి జారిపోతుందే తప్ప అవి కదలవు. పది నిమిషాలకే వాడు చీపురు పక్కన పెట్టి గోళ్లతో గిల్లడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ మామా, అక్కడొకటి వదిలేశావ్ రా!" అని పైమెట్టు మీంచి అరుస్తూ ఒకడు ఇంకో గుప్పెడు జల్లాడు. జర్మన్లు ఆగి చూశారు. నవ్వారు. కొందరు సలహాలిచ్చారు. మెట్టు మూల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలట. శుభ్రత విషయంలో వాళ్ల దగ్గర ఆటలు సాగవు.

ముద్దుకు వస్తానన్న అమ్మాయి, బృందంలో ఒకడి ఆఫీసులో పనిచేసే పిల్ల, రాలేదు. ముప్పావుగంట గడిచింది. చివరికి ఎనభై దాటినట్టున్న ఒక బామ్మ చేతికర్ర ఊనుకుంటూ వచ్చి, కర్రతో ఒక మూతను చూపించింది. వాడు వంగి తీశాడు. ఇంకొకటి చూపించింది. అదీ తీశాడు. అప్పుడు వాడి చెంప మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టి తన దారిన పోయింది. కన్య నిబంధన సంగతి ఆవిడను అడిగేంత జర్మన్ భాష బృందంలో ఎవరికీ రాదు. పక్కన వీధి ఆర్గన్ వాయిస్తున్న ఆయన తల ఊపాడు కాబట్టి చెల్లుబాటు అయినట్టే లెక్క.

చీపురు దించాక మిగిలిన మూతలన్నీ ఏరడానికి బృందంలోని ఎనిమిది మందీ మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. చల్లినంత సేపట్లో సగం పట్టదు అనుకున్న పనికి రెండింతలు పట్టింది.

తర్వాత టౌన్‌హాలు కిందున్న రాట్స్‌కెల్లర్. 1405 నుంచీ వైన్ నిలవ చేస్తున్న నేలమాళిగ అది. 1653 నాటి వైన్ పీపా ఒకటి ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూడొచ్చు, అడిగితే పోయరు. బిల్లొచ్చినప్పుడు అందరూ అలవాటుగా ఫోన్లు తీసి వాటాలు వేసుకోబోయారు. జర్మనీలో పుట్టినరోజు ఎవరిదైతే పార్టీ వాళ్లే ఇవ్వాలని, ఆఫీసుకు కేకు తెచ్చేదీ వాళ్లేనని వెయిటర్ చల్లగా గుర్తుచేశాడు. గోళ్ల సందుల్లో మట్టితోనే బర్త్‌డే బాయ్ కార్డు గీకాడు.

ఆ రోజు అందరికన్నా ఎక్కువ మూతలు చల్లినవాడికి వచ్చే నెలలో ముప్పై. రైల్లో హాంబర్గ్ చేరేలోగా వాడు సరిగ్గా ఆ వారానికే హైదరాబాద్ టికెట్ బుక్ చేసేశాడు. కొడుకు వస్తున్నాడని తెలియగానే వాళ్లమ్మ ఆ వారంలో మూడు పెళ్లిచూపులు ఖాయం చేసింది. ఆ కబురు వాడికింకా చేరలేదు.