ఆయిలన్న

హైదరాబాద్–విజయవాడ హైవే మీద సూర్యాపేటలో ఒకడు, కోదాడలో ఒకడు, పక్కకు తిరిగి మిర్యాలగూడ పోతే ఇద్దరు. పేర్లు వేరు, సరుకు ఒకటే. మెకానిక్ షెడ్డు ఇంకొకరిది, అందులో స్టూలు మాత్రం ఈయనది. ఎక్కడ బానెట్ లేచినా పిలవకుండానే లేస్తాడు. డిప్‌స్టిక్ లాగి, ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్లు మూసుకుని నాడి చూస్తాడు. వాసనా చూస్తాడు. రుచి చూడటమే తరువాయి.

"ఏం పోస్తున్నవ్ తమ్మీ?"

"కంపెనీ బుక్కుల రాసిందే అన్నా."

"బుక్కులు నమ్ముకుంటే ఇంజన్లు బతకవురా!"

ఆయన మెచ్చే డబ్బా ఊళ్లో దొరకదు. దొరికితే మెచ్చడు. చిన్న కంపెనీ సరుకు, కొరియర్‌లో రావాలి.

చిక్కేమిటంటే ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఇంజన్ ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్స్ ఐదు గ్రూపులు. కంపెనీలు మెచ్చే సింథటిక్ చాలావరకు మూడో గ్రూపు, అంటే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసిన ముడిచమురు. చిన్న కంపెనీవాడు నాలుగో గ్రూపు పీఏఓ, ఐదో గ్రూపు ఎస్టర్ కలుపుతాడు. అరుగుదలను ఆపే జింక్, ఫాస్ఫరస్ మందూ ధారాళంగా పోస్తాడు. ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం ముద్ర ఉన్న 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్‌లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు. ఎక్కువైతే సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. కన్వర్టరే లేని పాత అంబాసిడర్‌కైతే ఆ అదనపు జింక్ మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను.

ఆయిలన్న దాటేసే ముక్క ఒకటుంది. "ఆమోదం" అంటే ఆ మిశ్రమాన్నే ఇంజన్లో పోసి, గంటల తరబడి తిప్పి, విప్పి, పిస్టన్ మీద మడ్డి ఎంత పట్టిందో చూసి బండి కంపెనీ వేసిన ముద్ర. మిశ్రమం మారితే పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. దానికి బోలెడు డబ్బు కావాలి. అందుకే చిన్న డబ్బా మీద చాలాసార్లు "ఆమోదం పొందింది" అని ఉండదు, "తగినది" అని ఉంటుంది. ఆ రెండు మాటల మధ్య సందులోనే మన ఆయిలన్న కాపురం.

కోదాడలో సిమెంటు లోడు లారీకి ఇలాగే సలహా ఇవ్వబోయాడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసిని అదే కాల్చుకుంటుంది గానీ ఆయిల్‌లోని జింక్, కాల్షియం వదిలే బూడిద కాలదు, పేరుకుపోతుంది. అందుకే ఇలాంటి డీజిల్ బండ్ల సీకే-4 ఆయిల్‌లో బూడిద ఒక శాతం మించకూడదన్నారు. ఇదంతా చెప్పే ఓపిక మేస్త్రీకి లేదు. "ఫిల్టర్ పైసలు నువ్వు కడ్తవా కాకా?" అన్నాడు. ఆయిలన్నకు వెంటనే చాయ్ గుర్తొచ్చింది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాకు ఆ అదృష్టం లేదు. వంద సీసీ బండిలో కార్ల రేసు ఆయిల్ పోయించుకున్నాడు. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. అందుకే వాటి డబ్బా మీద జాసో ఎంఏ అని చూసుకోవాలి. కార్ల ఆయిల్‌లోని జారుడు మందు క్లచ్ ప్లేట్లకూ తగిలింది. ఇంజన్ అరుస్తోంది, బండి ఫ్లైఓవర్ ఎక్కదు.

"ఎంత స్మూత్‌గ తిరుగుతుందో సూడు!" అన్నాడు ఆయిలన్న.

మరి ఆయన సొంత కారుకో? వారంటీ తీరేదాకా షోరూం ఆయిలే, బిల్లుతో సహా.

ఈమధ్య ఎవరో షెడ్డు ముందు కరెంటు స్కూటర్ ఆపారు. ఆయిలన్న లేచి దాని చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు. డిప్‌స్టిక్ ఎక్కడా కనబడలేదు.

"గేర్లల్లనన్న ఏమన్న పోస్తరా తమ్మీ?"