'ఇప్పుడే' అంటే చాలు, గంట చెప్పకండి

కోనసీమ జనం కోసం యాప్ చేస్తున్నారా? అయితే ముందు గడియారాన్ని గోదాట్లో పారేయండి. ఫలానా తేదీ, ఫలానా గంట అని చెప్పడం మొరటుతనం. "కాసేపటి క్రితం", "ఈ మధ్యే" అని మెత్తగా అనాలి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళడానికి నిలబడ్డవాడికి "పంటు ఇప్పుడే బయల్దేరింది" అని చూపండి. ఏ ఒడ్డు నుంచి అని అడుగుతాడు. అడగనివ్వండి.

లెక్కలు మీరు వేయకండి. మొమెంట్ జేఎస్ లాంటి లైబ్రరీలు ఉండనే ఉన్నాయి. మొమెంట్ మామూలు లెక్కలో 22 గంటలైనా, 35 గంటలైనా "ఒక రోజు క్రితమే". 320 రోజులూ ఏడాదే, 547 రోజులూ ఏడాదే. పెళ్ళిఫొటోల కింద ఈ ఉదారత ఎవరికీ అడ్డు రాలేదు కనక అంబాజీపేట కొబ్బరి ధర కిందా పెట్టేయండి. నిన్న పొద్దుటి ధర నమ్ముకుని ఇవాళ సాయంత్రం బేరానికి కూర్చున్న రైతు సంగతి దళారి చూసుకుంటాడు.

సర్వర్ యూటీసీలో టైము రాసుకుంటుంటే ఆ మాట ఫోనుకి చెప్పకండి. ఫోను దాన్ని మన టైమే అనుకుని, అప్పుడే పెట్టిన కబురుని అయిదున్నర గంటల పాతదిగా చూపిస్తుంది. వార్తకి వయసొస్తే గౌరవం కదండీ.

అసలు మీ పనితనం వరదల్లో తెలియాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటి లంకలు మునిగాయి. అలాంటి రోజున మీ యాప్ తెర మీద "రెండో హెచ్చరిక, 2 గంటల క్రితం" అని మాత్రమే ఉండాలి. తేదీ కనబడకూడదు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెడతారు. యాప్‌లో అంకె మారుతుంది, బొమ్మలో మారదు. అది ఊరి గ్రూపు నుంచి చుట్టాల గ్రూపుకి, అక్కణ్ణుంచి మస్కట్‌కి వెళ్ళి మర్నాటికి రాజోలు తిరిగొచ్చినా అందులో 2 గంటల క్రితమే. ఈలోగా మూడో హెచ్చరిక వచ్చేసి ఉంటుంది. "ఇంకా రెండోదేలెండి" అని గొడ్లని ఏటిగట్టు మీదికి తోలకుండా అరుగు మీద కూర్చున్నవాళ్ళకి ఆ ధీమా ఇచ్చింది మీరే. వరద తీశాక కూడా ఆ బొమ్మ ఊరుకోదు. వచ్చే ఏడు శ్రావణంలో మళ్ళీ లేచి జనాన్ని పరుగు పెట్టిస్తుంది.

ఇక్కడివాళ్ళ అలవాటొకటి యాప్‌కి అంటకుండా చూసుకోండి. "జగ్గన్నతోట తీర్థం నాడు" అంటే కనుమ రోజని ముసలాళ్ళ నుంచి పిల్లల దాకా పట్టేస్తారు. "తొంభయ్యారు తుపానుకి ముందు" అంటే 1996 నవంబరు 6 కళ్ళ ముందుకొస్తుంది. ఇవి చుట్టూ తిప్పి చెప్పినట్టే ఉంటాయి గానీ నేరుగా తేదీ మీద వాలతాయి. అదే వీటితో వచ్చిన చిక్కు.

మరీ ఒత్తిడొస్తే అసలు టైముని మౌసు ఆనిస్తే కనబడేలా దాచండి. లంకలో ఫోను పట్టుకున్నవాడికి మౌసెక్కడిది? "1 నిమిషాల క్రితం" లాంటి తెలుగునీ దిద్దకండి, చదివేవాడు దిద్దుకుంటాడు. అప్పటికీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే, "మీ ఫిర్యాదు ఈ మధ్యే అందింది, త్వరలో చూస్తాం" అని జవాబు పెట్టండి.