బ్యాక్‌లాగ్‌లు ఎన్ని సార్?

పోయిన ఎండాకాలం మా ఉత్తర తెలంగాణలోని ఒక విద్యాసంస్థ నన్నూ ఒక మీటింగ్‌కు పిలిచింది. పేరు అడగొద్దు, రోజూ ఆ గేటు ముందు నుంచే పోవాలె. విద్యార్థుల లెక్కలన్నీ ఒక్క తెర మీద కనిపించే డ్యాష్‌బోర్డ్ కడతారట, అదీ కొంచెం కొంచెం చేసి, చూపించి, దిద్దుకుంటూ పోయే ఎజైల్ పద్ధతిలో. హైదరాబాద్ నుంచి దిగిన కన్సల్టెంట్ గొంతు సవరించుకుని, "మన బ్యాక్‌లాగ్‌లో నూట ఎనభై ఉన్నాయి" అన్నాడు. నా పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లగాడు చెవిలో గొణిగాడు: "నాకు మూడే సార్. ఈయన్ని ఎట్ల పాస్ చేసిన్రు?"

వాడి తప్పేం లేదు. బ్యాక్‌లాగ్ అంటే మనకు తెలిసినవి రెండే. ఒకటి తప్పిన సబ్జెక్టు. రెండోది రిజర్వేషన్ కోటాలో నింపకుండా ఏళ్లకేళ్లు మూలకు పడేసిన పోస్టు. ఇప్పుడు మూడోది వచ్చింది: చేయాల్సిన పనుల చిట్టా. మొదటిదానికి పిల్లగాడు తలదించుకుంటాడు. రెండోదానికి ఎవరూ తలదించుకోరు. మూడోదాన్ని గోడకు అంటించి ముందర నిలబడి ఫొటో దిగుతారు.

రోజూ పొద్దున పదిహేను నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకోవాలన్నది ఇంకో నియమం. గోదావరిఖనిలో, మందమర్రిలో ఎవరినడిగినా చెబుతారు, షిఫ్టుకు ముందు మస్టర్ పడి, పని చెప్పించుకుని బొగ్గుబాయిలోకి దిగడం సింగరేణిలో తాతల నాటి ముచ్చట. మావాళ్లు మాత్రం నిలబడడంలోనూ సీనియారిటీ పాటించారు. పెద్దసారుకు మోకాళ్ల నొప్పులు, కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నాక ప్రొఫెసర్లు నిలబడితే మర్యాద కాదు కాబట్టి వాళ్లకూ వేశారు. చివరికి నిలబడ్డది ఒక కాంట్రాక్ట్ లెక్చరర్, ఇద్దరు ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్లు. ఈ తతంగం నడిపించే వ్యక్తిని స్క్రమ్ మాస్టర్ అంటారు. మాకు తెలిసిన మాస్టర్లు టీ మాస్టర్, కటింగ్ మాస్టర్. వాళ్ల చేతిలో కనీసం గ్లాసో కత్తెరో కనిపిస్తుంది.

పనులను రంగు చీటీల మీద రాసి గోడకు మూడు వరుసలుగా అంటించారు: చేయాల్సినవి, చేస్తున్నవి, పూర్తయినవి. మే నెల కదా, ఫ్యాన్ ఐదు మీద పెట్టారు. మధ్యాహ్నానికి చీటీలు సగం నేల మీద ఉన్నాయి. ఊడ్వడానికి వచ్చిన అటెండర్, కాగితం పారేస్తే సార్లు తిడతారని, బంక తెచ్చి వాటన్నిటినీ ఖాళీ ఎక్కువున్న వరుసలో పద్ధతిగా అంటించాడు. ఆ వరుస పూర్తయినవాటిది. తెల్లారి సమీక్షలో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడి ఈ పద్ధతికి ఒక ప్రకటన రాసుకున్నారు. కాగితాల కట్టల కన్నా నడిచే సాఫ్ట్‌వేర్, ఒప్పందం మీద బేరాల కన్నా వాడేవాడితో కలిసి పనిచేయడం ముఖ్యమన్నారు. మంచి మాటే. లెక్కల తెరల పనికి ఇది మరీ నప్పుతుంది. తనకేం కావాలో ప్రిన్సిపాల్‌కు మొదటి పట్టిక చూసేదాకా తెలియదు, చూశాక "ఇది కాదయ్యా" అంటాడు, అప్పుడు దిద్దుకోవచ్చు. మావాళ్లు దాన్ని అమలు చేయడానికి ముందు ఒక కమిటీ వేశారు, కమిటీ మీద ఉపకమిటీ వేశారు, సర్క్యులర్ తీశారు, తక్కువ కోట్ చేసినవాడికి టెండర్ ఇచ్చారు. ఒక్కో విడత పని రెండు వారాల స్ప్రింట్ అన్నారు. ఆ స్ప్రింట్‌కు అనుమతి కోరిన ఫైలు సెక్షన్ నుంచి పైబల్ల మీదికి చేరడానికి నెల పట్టింది.

అసలు తిరకాసు వేగంలో లేదు, "మీకెంతమంది విద్యార్థులు?" అనే చిన్న ప్రశ్నలో ఉంది. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ దోస్త్‌లో సీటు వచ్చి చేరనివాడు లెక్కా కాదా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక, ఫీజు కట్టలేక, పరీక్ష రాయనిది లెక్కా కాదా? ఢిల్లీకి పంపే ఒక ఫారంలో ఒక అంకె, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లకు ఇంకో అంకె, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో మూడోది. జిల్లా గడి మరీ తమాషా. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ ముక్కలై హుస్నాబాద్ సిద్దిపేటకు పోయింది. కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉన్న కరీంనగర్ కాలేజీలు 2008లో పుట్టిన శాతవాహనకు మారాయి, ఆదిలాబాద్ వైపువి కాకతీయలోనే ఉండిపోయాయి. పాత రిజిస్టర్‌లో ఆదిలాబాద్ పిల్ల, కొత్త తెరలో మంచిర్యాల పిల్ల. రెండూ కలిపితే ఇద్దరు పిల్లలు. ఏ గడిలో ఎవరిని రాయాలో ఇరవై ఏళ్లుగా ఆ రిజిస్టర్ రాస్తున్న గుమస్తాకు తెలుసు. ఆయన్ని మీటింగ్‌కు పిలవలేదు. ఆయనకు ఎజైల్ శిక్షణ లేదట.

వాడేవాడు తనకేం కావాలో తనే చెబితే దాన్ని యూజర్ స్టోరీ అంటారని కన్సల్టెంట్ వివరించాడు. పెద్దసారు, రిజిస్ట్రార్, డీన్ తలా ఒకటి రాశారు. పిల్లగాడి చేతికి చీటీ ఇవ్వలేదు.

పిల్లలకు రాయడం రాక కాదు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు రాశారు. 12 డిమాండ్లు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, సరిపడా అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు కావాలి, మెస్ బాగుపడాలి. ఏ కన్సల్టెంటూ లేకుండా, ఎండలో, వానలో గొడుగులు పట్టుకుని వేలమంది వారం రోజులు కూర్చుని చదివి వినిపించారు. మంత్రి వచ్చి మాట్లాడాక జూన్ 20 రాత్రి లేచారు.

జూలై 15న ఆ క్యాంపస్ మెస్‌లో మధ్యాహ్నం భోజనం చేసి వందమందికి పైగా విద్యార్థులు వాంతులతో, కడుపునొప్పితో పడిపోయారు.