అన్ని కాలాల డేరా

తేలికపాటి నూలు డేరా అన్ని కాలాలకూ సరిపోతుందని అమ్మేవాళ్ల సిద్ధాంతం. ఎండలో చల్లన, చలిలో వెచ్చన, వానలో పొడి. అంతరగంగ కొండమీద వారాంతపు రాత్రి గడపడానికి వచ్చే బెంగళూరు బృందాల వెంట ఈ సిద్ధాంతమూ కోలారు జిల్లా ఎక్కింది. కోలారు బంగారు గనుల ఊరిగాం వైపూ అదే పాట.

నూలుకు సుగుణాలు లేకపోలేదు. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి తేమను అది బయటికి పోనిస్తుంది, నైలాన్ అంత సులువుగా పోనివ్వదు. తడిసినప్పుడు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అయితే నేత ఒత్తుగా ఉండాలి. కొత్త డేరాను ముందే ఒకటి రెండుసార్లు తడిపి ఆరబెట్టాలి. వాన పడుతుండగా లోపలినుంచి వేలు తగిలితే అక్కడే కారుతుంది.

ఒత్తు నేత అంటే బరువు. తేలిక కావాలంటే నేత పలచబడాలి, పలచబడితే వాన లోపలికొస్తుంది. ఈ చిక్కును ప్రకటన విప్పిన తీరు గొప్పది: దాని ఊసే ఎత్తదు.

ప్రకటనలోని బరువు పొడిగుడ్డ బరువు. గుంజలు, మేకులు, తాళ్లు, కింద పరిచే పట్టా అందులో చేరవు. వాన చేరదు. నానిన నూలు తన బరువంత నీటినైనా పట్టుకోగలదు. తెల్లారి దాన్ని కొండ దించాల్సిన మనిషిని తూకం యంత్రం అడగదు.

1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చి ఇక్కడి బంగారం సంగతి విన్న కాలంలో దండు డేరాలు ఎద్దులమీద, ఒంటెలమీద కదిలేవి. వాటిని తేలికని అమ్మినవాడు లేడు. ఇప్పుడు తేలిక అనేవాడి భుజంమీద డేరా కనపడదు. మోసేది కూలికొచ్చిన కుర్రాడు. అతనికి అన్ని కాలాలూ ఒకటే బరువు.

చలికి వెచ్చన అన్నది దుప్పటి గుణం, ఒంటిపొర గుడ్డది కాదు. ఏప్రిల్, మే నెలల గాలివానకు సన్నగుంజల డేరా గాలిపటం.

ఇవన్నీ నవ్వి వదిలేయొచ్చు. వదలరానిది ప్రకటనలోని 'సహజ జీవనం' అన్న మాట. గని కూలీల లైన్లలో తడికె గోడల గుడిసెల్లో, మట్టినేల మీద తరాలు గడిచాయి. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది గని యంత్రాల కోసం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కూడా ఎన్నో కుటుంబాలు ఆ ఇరుకు లైన్లలోనే మిగిలాయి. కారే పైకప్పు కింద గిన్నె పెట్టి నిద్రపోవడాన్ని అనుభవమని పేరుపెట్టి, ఆ ఊళ్లోనే, ఒక రాత్రికి రేటు కట్టడం సిగ్గుమాలిన పని. కొనేవాడికీ ఆ సిగ్గులో వాటా ఉంది.

ఇక నిర్వహణ. తడిగా మడిచిన నూలు త్వరలోనే బూజు పడుతుంది. ఆరుబయట పూర్తిగా ఆరాలి. ఊరిగాంలో ఆరుబయట అంటే గని వ్యర్థాల సైనేడ్ దిబ్బల దుమ్ము. గాలి లేచిన రోజున అది గుడ్డమీద పేరుకుంటుంది. దుమ్ము పోవాలంటే ఉతకాలి. ఉతికితే నీరు పట్టనివ్వని పూత పలచబడుతుంది. మళ్లీ పూత వేయించాలి, ఆ ఖర్చు కొన్నవాడిది.