పదిహేనుకే దిగిపోవు సర్వరు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

ముందు తలుపు మూసి, ముంగిట నున్నట్టి
పనుల నన్ని తీర్చి, పట్టు వదలి,
పదియు నైదు చాలు పలుకంగ, తొమ్మిది
తుదకె కాని వలదు తొలుత నెపుడు.

అవతారిక

జావా వెబ్ సర్వర్‌ను నిలబెట్టడం ఎలాగో చెప్పే గ్రంథాలు కొల్లలు. దాన్ని పడుకోబెట్టడం గురించి పూర్వులు పెద్దగా పట్టించుకోలేదు. కొత్త వెర్షన్ ఎక్కాలంటే పాత ప్రాసెస్ దిగాలి కదా. ఆ వేళ చేయి తొందరపడకుండా కవి ఈ పద్యం చెప్పాడు. ఆయన పేరు దొరకలేదు గానీ, రాత్రిపూట డిప్లాయ్‌మెంట్లు చేసినవాడనడానికి పద్యమే సాక్ష్యం.

ప్రతిపదార్థం

పదియు నైదు = 15వ సంకేతాన్ని, అనగా సిగ్‌టర్మ్‌ను; పలుకంగ = ప్రాసెస్‌కు వినిపించినంత మాత్రాన; చాలు = సరిపోవును. (ఎందుకు సరిపోవునంటే) ముందు = మొట్టమొదట; తలుపు మూసి = కొత్త రిక్వెస్టులను రానివ్వక; ముంగిట నున్నట్టి = అప్పటికే లోపలికి వచ్చియున్న; పనులన్ అన్ని తీర్చి = రిక్వెస్టులన్నిటికీ జవాబిచ్చి పంపి; పట్టు వదలి = డేటాబేస్ కనెక్షన్లు, ఫైళ్లు, లాకులు మొదలగు పట్టుకున్నవన్నీ విడిచి (పోవుటకు). తొమ్మిది = సిగ్‌కిల్; తుదకె కాని = వేరే గతి లేనప్పుడు తప్ప; తొలుతన్ = ఆదిలోనే; ఎపుడు వలదు = ఎన్నడూ కూడదు.

అన్వయం

‘పోవుటకు’ అన్నది పద్యంలో లేదు, అధ్యాహార్యం. మూసి, తీర్చి, వదలి పోయేది సర్వర్, పలికేది మనం. ఇందులో కర్తలు కలగాపులగమయ్యారని వైయాకరణులు ఆక్షేపించవచ్చు. అది దోషం కాదు, మర్మం. మనవంతు ఒక్క మాటే. మిగిలిన పనంతా ఆ ప్రాసెస్ తనకు తాను చేసుకోవలసిందే.

తాత్పర్యం

సర్వర్‌ను చంపకు; పొమ్మని చెప్పు; పోయేదాకా ఆగు.

విశేషాలు

1. *పదియు నైదు.* యూనిక్స్‌లో అంకె చెప్పకుండా కిల్ అని కొడితే వెళ్లేది 15వ సంకేతమే. కాబట్టి కవి కొత్త నియమమేమీ పెట్టలేదు. ఉన్న మర్యాదనే గుర్తు చేశాడు. 15 విన్న జావా వర్చువల్ మెషీన్ తన దగ్గర నమోదైన షట్‌డౌన్ హుక్‌లను లేపుతుంది. అవన్నీ ఒకేసారి పరుగెడతాయి, వరస ఉండదు. ఒక హుక్‌లో డేటాబేస్ మూసి, దాని తరువాత ఇంకో హుక్‌లో లాగ్ మూయవచ్చునని లెక్క వేసుకున్నవాడు మోసపోతాడు. హుక్ లోపలే సిస్టమ్ ఎగ్జిట్ అని పిలిచినవాడి గతి మరీ దారుణం: ఆ పిలుపు తిరిగి రాదు, ప్రాసెస్ పోదు.

2. *పలుకంగ.* టామ్‌క్యాట్ విషయంలో ఈ పదం వాచ్యార్థంలోనే సరిపోతుంది. అది 8005 పోర్టులో చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఆ మెషీన్ మీదనుంచే ఎవరైనా వచ్చి ‘షట్‌డౌన్’ అన్న మాట పలికితే కట్టేసుకుంటుంది. షట్‌డౌన్ స్క్రిప్టు చేసేది ఇదే. ఎవడు పడితే వాడు పలుకుతాడన్న భయంతో ఆ పోర్టుకు మైనస్ 1 పెట్టి చెవి మూసేవారూ ఉన్నారు.

పలికితే సరిపోదు, వినేవాడుండాలి. కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్‌గా ఒక షెల్ స్క్రిప్టు కూర్చుని, దాని కింద జావా నడుస్తుంటే, 15 వచ్చి షెల్ దగ్గరే ఆగిపోతుంది. జావాకు కబురు అందదు. గడువు తీరాక తొమ్మిది దిగుతుంది. స్క్రిప్టులో జావాను పిలిచే పంక్తికి ముందు ‘ఎగ్జెక్’ చేరిస్తే షెల్ తప్పుకుని జావాకు చోటిస్తుంది, సంకేతం నేరుగా దానికే చేరుతుంది.

3. *ముందు తలుపు మూసి.* ‘ముందు’ అన్నది పాదపూరణం కాదు, క్రమం చెప్పే పదం. టిఫిన్ హోటల్‌వాడు రాత్రి షట్టర్ సగం దించి, లోపల కూర్చున్నవాళ్ల దోసెలు అయ్యేదాకా పొయ్యి ఆర్పడు. ముందే ఆర్పితే ఆకులముందు కూర్చున్నవాళ్లు ఆకలితో లేస్తారు. స్ప్రింగ్ బూట్ ఈ మర్యాదను 2020లో 2.3 వెర్షన్‌తో నేర్చింది, అదీ అడిగితేనే. అడగకుండా పాటించడం 3.4తో మొదలైంది.

4. *పట్టు వదలి.* అందరూ జారిపడేది ఇక్కడే. టామ్‌క్యాట్‌కు 8005లో మాట చెబుతారు, అది తన అప్లికేషన్లన్నీ కట్టేస్తుంది, అయినా జావా ప్రాసెస్ అలాగే కనబడుతుంది. కారణం: అప్లికేషన్ సొంతంగా పుట్టించిన, డీమన్ కాని థ్రెడ్ ఒక్కటి బతికున్నా వర్చువల్ మెషీన్ దానికోసం కాచుకుంటుంది. థ్రెడ్‌పూల్ తెరిచినవాడే, అప్లికేషన్ ముగిసే ఘట్టంలో దాన్ని మూయాలి. 15తో ఈ చిక్కు లేదు; హుక్‌లు పూర్తికాగానే, థ్రెడ్లు మిగిలివున్నా, మెషీన్ ఆగుతుంది. అంతమాత్రాన ఆ థ్రెడ్ చేతిలో ఉన్న పని పూర్తయిందని కాదు.

5. *పాఠాంతరం.* కొన్ని ప్రతుల్లో ‘పదియు నైదు చాలు’కు బదులు ‘మూడు మాట చాలు’ అని ఉంది. ఇందులో యతి తప్పింది, ఫలితమూ తప్పుతుంది. 3వ సంకేతం అందుకున్న జావా తన థ్రెడ్లన్నీ ఎక్కడెక్కడ నిలిచాయో ఏకరువు పెట్టి, ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. కనుక ఈ పాఠం త్యాజ్యం. అయితే 15కు కదలని సర్వర్ ఎందుకు కదలడంలేదో తెలియాలంటే, తొమ్మిదికి ముందు ఒకసారి మూడు పలకడం మంచిది. చచ్చాక అడిగితే చెప్పదు.

6. *తుదకె.* తుద అంటే ఎంతసేపటికి? కవి చెప్పలేదు, పద్యంలోని అసలు కష్టమంతా ఇదే. ఆగడం మర్యాదైతే, ఎంతసేపు ఆగాలన్నది లెక్క. డాకర్ మామూలుగా 10 సెకన్లు ఆగి తొమ్మిది వేస్తుంది, కుబెర్నెటీస్ 30, సిస్టమ్‌డి 90. స్ప్రింగ్ బూట్ ఒక్కో దశకు 30 సెకన్లు ఇస్తుంది. ఇవి ఒకదాని కడుపులో ఒకటి నడిచే గడియారాలు. లోపల స్ప్రింగ్ 30 సెకన్లలో పనులు తీరుద్దామనుకుంటే, బయట డాకర్ 10కే గొంతు పిసుకుతుంది. లోపలివాడి గడువు చిన్నదిగా, బయటివాడిది పెద్దదిగా ఉండాలి.

కుబెర్నెటీస్‌లో రెండూ 30 కదా, సమానమే కదా అనకండి. అక్కడ తలుపు మూసిన వార్త రిక్వెస్టులు పంపేవాళ్లకు చేరడం, 15 రావడం ఏకకాలంలో సాగుతాయి. వార్త ఆలస్యమైతే మూసిన తలుపుకు కొత్తవాళ్లు వచ్చి తగులుకుంటారు. అందుకని 15కు ముందు ప్రీస్టాప్‌లో కొన్ని సెకన్లు ఊరికే ఆగమంటారు. ఆ సెకన్లూ ఆ 30లోంచే పోతాయి.

పూర్వపక్షం

‘కరెంటు పోతే 15 ఎవడు పలుకుతాడు? ఎప్పుడు తెగిపడినా తట్టుకునేలా రాయాలి గానీ ఈ మర్యాదలెందుకు?’ అని కొందరు. వీరు అనామకులు కారు. 2003లో జార్జ్ కాండియా, ఆర్మాండో ఫాక్స్ ‘క్రాష్ ఓన్లీ సాఫ్ట్‌వేర్’ అన్న వ్యాసంలో ఈ పక్షమే నిలబెట్టారు: ఆపడమంటే కూలడమే, మొదలవడమంటే కోలుకోవడమే కావాలన్నారు.

సమాధానం

కూలినా కోలుకోవాలన్నది ఒప్పు. తొమ్మిది పడితే సగంలో ఉన్న ట్రాన్సాక్షన్‌ను డేటాబేస్ వెనక్కి తిప్పుకుంటుంది, డేటా చెడకపోవచ్చు. కానీ డబ్బు కట్టి జవాబుకోసం చూస్తున్నవాడికి కట్టినట్టో కాదో తెలియదు. వాడు మళ్లీ నొక్కుతాడు. తొమ్మిదిని కెర్నెల్ నేరుగా అమలు చేస్తుంది. దాన్ని పట్టుకోవడం, వాయిదా వేయడం ప్రాసెస్ తరం కాదు, హుక్‌లు లేవవు. ఆ చివరి జవాబు పంపే అవకాశం 15లోనే ఉంది. కాబట్టి తొమ్మిదిని తట్టుకునేలా రాయి, పదిహేనుతో ఆపు. రెండూ విరోధాలు కావు.

ఫలశ్రుతి

ప్రాసెస్ పోయాక దాని ఎగ్జిట్ కోడ్ చూడాలి. 128కి సంకేతం అంకె కలిపితే వస్తుంది. 143 అంటే పదిహేనుకు పోయింది. 137 అంటే తొమ్మిదికి పోయింది, గడువో మెమరీయో సరిచూడాలి. అయితే సిస్టమ్‌డి కింద ఒక విడ్డూరం: తలుపు మూసి, పనులు తీర్చి, పట్టు వదలి 143తో దిగిపోయిన జావాను అది ‘విఫలం’ అని రాసుకుంటుంది. సర్వీస్ ఫైల్లో 143 కూడా సఫలమేనని ముందే ఒక పంక్తి చేర్చాలి. మర్యాదగా పోయినవాడికైనా మంచిపేరు కాగితంమీద రాసిపెడితేనే దక్కుతుందని దీనివల్ల తెలుస్తున్నది.